ఎడమచేతి రెండు వేళ్ళు

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. డాక్టర్లు నోటి కొలత తీసి పంపిస్తే, కరీంనగర్‌లోని మా చిన్న ల్యాబులో మైనంతో చెక్కి, అచ్చు తీసి, పోతపోసి తిరిగి పంపిస్తాం. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ఒక పన్ను ఎంత వంకరగా ఉన్నా అచ్చం అలాంటిదే ఇంకొకటి చెయ్యగలనని నాకు పొగరు. పగిలింది అతకాలి, అరిగింది నింపాలి, లోటు కనపడితే పూడ్చాలి. చేతులకు అదే అలవాటైపోయింది. నేను చేసిన తప్పు కూడా ఆ అలవాటులోంచే వచ్చింది కాబట్టి ముందే చెప్పుకుంటున్నాను.

దీనికి తోడు నాకు ఇంకో పిచ్చి ఉంది. వేలెడంత బొమ్మలకు రంగులు వేస్తాను. గుర్రం మీద సిపాయి, కట్టెలమోపు ముసలమ్మ, జాలరి, ఇలాంటివి. ఎక్కడెక్కడి శిల్పులో చెక్కుతారు, వాటిని రెజిన్‌లో పోతపోసి అమ్ముతారు, మాలాంటి వాళ్ళం తెప్పించుకుని సన్నటి కుంచెతో కంట్లో చుక్క పెట్టేదాకా కూర్చుంటాం. మా వాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. అందులో ఎప్పుడూ ఒకటే తగువు. శిల్పిని అడగకుండా బొమ్మ మీద అచ్చు తీసి నకళ్ళు పోసేవాళ్ళు ఎక్కువయ్యారు, వాటిని కొనొచ్చా, కొనకూడదా? నేను ఎప్పుడూ కొనకూడదనే వైపే. గట్టిగా వాదించేదాన్ని. నా అలమరలో సగం నకళ్ళేనన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నేను కాకా అని పిలిచే పెద్దాయన నాకు పరిచయమైంది విరిగిన పళ్ళ సెట్టుతో. మందమర్రిలో బొగ్గుబాయి పని చేసి రిటైరైన మనిషి. కూతురు కరీంనగర్‌లో ఉంటుంది, ఆమెను చూడ్డానికి వచ్చినప్పుడు సెట్టు విరిగింది. డాక్టర్ దగ్గరికి పోకుండా ఎవరినో అడిగి నేరుగా మా ల్యాబుకే వచ్చాడు.

"మక్కగారెలు తిన్న బిడ్డా. టక్కుమన్నది," అన్నాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ.

సెట్టు అతుకుతున్నంతసేపు ఆయన నా అలమర ముందు నిలబడ్డాడు. గుర్రం మీది సిపాయిని తీసి, తలకిందులు చేసి, అడుగున చూశాడు.

"గివి నువ్వే చేసినవా?"

"రంగులు నాయి కాకా. బొమ్మ వేరేటోళ్ళది."

"ఎవలది?"

నాకు తెలియదు. "ఎవరో," అన్నాను. ఆయన తల ఊపి బొమ్మను జాగ్రత్తగా ఎక్కడిదక్కడ పెట్టాడు.

మళ్ళీ వచ్చినప్పుడు దస్తీలో మూట కట్టుకుని ఒక మట్టిబొమ్మ తెచ్చాడు. బాయి లోపల తట్టతో బొగ్గు మోస్తున్న మనిషి. నా చూపుడువేలంత ఉంటాడు. బరువుకు ఒక భుజం కిందికి దిగింది, మెడ నరాలు తేలాయి. పదివేలు పెట్టినా అలాంటిది నాకు ఎక్కడా దొరకలేదు. నాకు ఈర్ష్య కలిగింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. మా ల్యాబులో మిగిలిన పచ్చమైనం ముక్కలన్నీ పోగుచేసి ఆయన చేతిలో పెట్టాను. చెక్కడానికి నా పనిముట్లు రెండు ఇస్తే వద్దన్నాడు. గొడుగు పుల్లను రాతి మీద అరగదీసుకున్నాడట, అదే చాలట.

ఆ మైనంతో ఆయన ఏడునెలలు కూర్చుని ఒకే ఒక్క బొమ్మ చేశాడు. బాయిలో తనతోపాటు ఒకే షిఫ్టులో పనిచేసిన స్నేహితుడిది. బొగ్గుపెళ్ళ మీద కూర్చుని, టోపీ పక్కన పెట్టి, ఒళ్ళో సద్దిగిన్నె మూత తీస్తున్న మనిషి. ఆ స్నేహితుడు జైనూర్ దగ్గరి పల్లె నుంచి పనికి వచ్చి, రిటైరైన రెండేళ్ళకు ఊపిరి అందక పోయాడు. భార్య తిరిగి జైనూర్ వైపు వెళ్ళిపోయింది. ఆమె దగ్గర ఆయన ఫోటో లేదు. గుర్తింపు కార్డు మీది ఫోటో వానకు తడిసి మొహం మాసిపోయింది.

"'అన్నా, నీ చేతుల పనున్నది గద, ఆయనను ఒక్కసారి చేసియ్యి' అన్నది బిడ్డా," అని కాక చెప్పాడు. "చేస్త అన్న. చేతులు వణుకుతున్నయ్. ఇగ గింత చిన్నపని మళ్ల నాతోని కాదు. గిదే ఆఖరు."

మైనంతోనే ఎందుకు చేశాడంటే, జైనూర్ దగ్గర ఇత్తడి పోసే ఓజుల ఇళ్ళున్నాయి. వాళ్ళు మైనం బొమ్మ చుట్టూ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. మట్టి పగలగొడితే బొమ్మ. ఒక మైనానికి ఒకటే ఇత్తడి బొమ్మ, రెండోది ఉండదు. కాకకు కావలసింది కూడా ఒకటే. అది ఆమె ఇంట్లో ఉండాలి.

ఎండలు ముదిరేవేళకు ఆయన ఆ మైనం బొమ్మను నా దగ్గరికి తెచ్చాడు.

"మా ఇంట్ల రేకులు కాలుతయ్, మైనం వంగుతది. నీ ఏసీ రూముల జర పదిలంగ పెట్టు. వానలు పడంగనే తీస్కపోత."

అలా నన్ను నమ్మి దాచిపెట్టమన్నాడు. అంతకుమించి ఒక్కమాట చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఆయనకు తోచలేదు.

పది పదిహేను రోజులు దాన్ని చూస్తూ ఉన్నాను. రంగు వెయ్యాలని చేతులు దురదపెట్టాయి. మైనం మీద రంగు వెయ్యకూడదు, పైగా అది నాది కాదు. ఒక ఆదివారం ల్యాబులో ఎవరూ లేరు. కరెంటు పోయి ఏసీ ఆగి మైనం కరిగితే ఎలా, ఒక అచ్చు తీసి ఉంచడం మంచిదే కదా అనుకున్నాను. ఎంత బాగా అనుకున్నానో! కాక కోసమే చేస్తున్నట్టు నన్ను నేనే నమ్మించుకున్నాను. ఆ మైనం కూడా నేనిచ్చిందే కదా అన్న మాట కూడా మనసులో మెదిలింది.

అచ్చు తీసేముందు బొమ్మను భూతద్దం కింద పెట్టి చూశాను. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. ఉంగరపువేలు మొదట్లోనే ఆగింది, చిటికెనవేలు ఒక కణుపు దాకా ఉంది. తెచ్చేటప్పుడు సంచిలో విరిగాయనుకున్నాను. పాపం, అంత కష్టపడి చేశాడు, చూస్తే బాధపడతాడు అనుకున్నాను. దీపం వెలిగించి, పనిముట్టు వేడిచేసి, విరిగినట్టున్న కొసలను చదును చేసి, రెండు వేళ్ళు కట్టాను. గోళ్ళు కూడా పెట్టాను. కట్టుడు పన్ను చేసినంత శుభ్రంగా వచ్చాయి. చాలా మురిసిపోయాను.

ఫోన్ చేసి "కాకా, వేళ్ళు విరిగినట్టున్నయి" అని ఒక్కమాట అనొచ్చు. అనలేదు. అంటే, బొమ్మను ఎందుకు బయటికి తీశావని అడుగుతాడు కదా.

సిలికాన్ పోసి అచ్చు తీశాను. మైనం బొమ్మ చెక్కుచెదరకుండా బయటికొచ్చింది, తీసి డబ్బాలో పెట్టేశాను. అచ్చులో రెజిన్ పోశాను. ఒకటి పోస్తే ఇంకొకటి పొయ్యాలనిపించింది. మొత్తం ఎనిమిది. ఒకదానికి రంగు వేసి గ్రూపులో పెడితే మెచ్చుకోళ్ళు ఆగలేదు. ఎవరు చేశారని అడిగితే "మా ల్యాబులో పుట్టింది" అని రాశాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. మాకూ కావాలని అడిగిన ఆరుగురికి ఆరు ఇచ్చాను, ఊరికే.

తొలకరి పడగానే కాక వచ్చాడు. డబ్బాలో దూది కుక్కి, చుట్టూ టేపు వేసి ఇచ్చాను.

"తొవ్వల తెరవకు కాకా. కదిలితే విరుగుతది."

ఆ మాట జాగ్రత్త కోసమే అన్నానా అంటే, అవునని ఇప్పటికీ ధైర్యంగా చెప్పలేను. ఆయన డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, "నీ పుణ్యం బిడ్డా" అని వెళ్ళాడు. జైనూర్‌లో వాన పట్టుకుందట, తిరుగు బస్సు పోతుందని డబ్బా మూత తియ్యకుండానే పోతపోసే ఆయన చేతిలో పెట్టి వచ్చేశాడు.

ఆ తరువాత నెల తిరిగేసరికి గ్రూపులో ఎవరో ఒక ప్రకటన పంపారు. ఎక్కడో పై ఊళ్ళో ఉన్న ఒకాయన బొమ్మలు అమ్ముతున్నాడు. అట్టపెట్టె మీద నేను గ్రూపులో పెట్టిన ఫోటో, నేను వేసిన రంగులు. లోపల సద్దిగిన్నె మనిషి. నేనిచ్చిన ఆరుగురిలో ఎవరి దగ్గరనుంచో వెళ్ళింది, దాని మీద మళ్ళీ అచ్చు తీశాడు. నాకు ఒళ్ళు మండింది. గబగబా పెద్ద ఉత్తరమంత రాశాను. చెయ్యి తిరిగిన మనుషుల కష్టాన్ని దోచుకు తినేవాళ్ళు ఎంత నీచులో వివరించాను. ఇది నా దగ్గరినుంచి పోయిందే అనడానికి రుజువు కూడా పెట్టాను. ఎడమచేతి చివరి రెండు వేళ్ళు చూడండి, ఆ గోళ్ళ తీరు చూడండి, అవి నా చేతి పని, ఎక్కడున్నా గుర్తుపడతాను అని.

దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలియలేదు. గ్రూపులో ఒకరు మాత్రం నెమ్మదిగా అడిగారు. మిగతా బొమ్మ ఎవరు చేశారు? వాళ్ళను అడిగే పోశారా? నేను ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆ వారంలోనే కాక ఫోన్ చేశాడు.

"బిడ్డా, బొమ్మ నీ కాడ ఉన్నప్పుడు ఎవలన్న ముట్టిండ్రా?"

"లే కాకా. ఏమైంది?"

"ఇత్తడిది తెచ్చుకున్న. బొమ్మకు అయిదు వేళ్ళున్నయ్. మా వానికి ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు బిడ్డా. బొగ్గుబండ్లు గుంజే హాలేజీ తాడుల పడి పోయినయ్. ఒకటి మొదలు దాక, ఒకటి సగం. ముప్పై ఏండ్లు ఆ మూడు వేళ్ళతోనే సద్దిగిన్నె మూత తీసిండు, నా కండ్ల ముందట. గదే చేసిన నేను."

విరగలేదు. ఆయన చూసి చూసి చేసినవి ఆ రెండు మొండివేళ్ళే. ఆ బొమ్మ మొత్తం ఆ చెయ్యి కోసమే చేశాడు.

"నేను డబ్బా తెరవనే లేదు కాకా," అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది అబద్ధం.

"అట్లనా. అయితే ఆ పోసినాయనే చేసిండు. మంచిగుంటదని పెట్టిండు గావచ్చు. నేను పోయి అడుగుత."

ఆపాల్సింది. ఆపలేదు. నాలుగు రోజుల తరువాత నేనే ఫోన్ చేసి ఏమైందని అడిగాను. ఆయన గొంతులో అప్పటికీ కోపం పోలేదు. పోతపోసే ఆయన, నీ మైనంలో ఎన్నున్నాయో అన్నే పోశానని అన్నాడట. కాక నమ్మలేదు. పది ఇళ్ళవాళ్ళు చూస్తుండగా, "నీకు పనితనం లేదు, పైనుంచి అబద్ధమొకటి" అన్నాడట. పోతపోసే ఆయన తిరిగి ఒక్కమాట అనలేదట. భార్యను పిలిచి, తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేయమని చెప్పాడట.

"తీస్కోలే బిడ్డా, పైసలెందుకు నాకు. ఆమెకు ఏం మొఖం పెట్టుకుని ఇయ్యాలె గిది? చేతిల పట్టుకుంటనే, ఈయన మా ఆయన గాదంటది."

ఫోన్ పెట్టేశాక ల్యాబులో పని ముందర కూర్చున్నాను. నా ముందు ఎవరివో దవడలు వరుసగా ఉన్నాయి. నేను ముఖం ఎరగని మనిషి ఒకాయన, తాతల నాటి పని నిజాయితీగా చేసినందుకు తన వాకిట్లోనే మాట పడ్డాడు. అది నా వల్ల. కాక కూడా నా వల్లే మాట తూలాడు, ఆయన అలాంటి మనిషి కాదు. నా మీద నాకు అసహ్యం వేసింది. సిలికాన్ అచ్చును కత్తితో ముక్కలుగా కోశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది, అయినా కోశాను.

"కాకా, ఇత్తడి బొమ్మ పట్టుకుని రేపు జైనూర్ పోదాం. నేను గూడ వస్త," అని మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను.

"నువ్వెందుకు బిడ్డా, అంత దూరం?"

"వచ్చినంక చెప్త."

నేను కరీంనగర్ నుంచి వెళ్ళి మంచిర్యాలలో దిగాను, ఆయన అక్కడ కలిశాడు. ఆసిఫాబాద్ దాకా బస్సు, అక్కడినుంచి జీపు. దారి పొడుగునా చెప్పాలనుకున్నాను. ప్రతి ఊరు దాటగానే చెబుదాం అనుకుని, ఆ ఊరు దాటాక తరువాతి ఊరు అనుకున్నాను. మధ్యలో ఆయన సంచిలోంచి రొట్టెలు తీసి సగం నాకు పెట్టాడు. "నా కోసం ఇంత దూరం వస్తున్నవు, తిను," అన్నాడు. ఆ రొట్టెను అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

పోతపోసే ఆయన వాకిట్లో మట్టి పిసుకుతున్నాడు. కాకను చూసి లేచి, చేతులు కడుక్కుని, మంచం వాల్చాడు. కోపం పెట్టుకున్నట్టు లేదు. కానీ కళ్ళు ఎత్తి చూడలేదు. నేను కూర్చోలేదు. కూర్చుంటే ఇక చెప్పలేనని తెలుసు.

"కాకా, ఆ వేళ్ళు నేను పెట్టిన."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు.

"ఈయన పెట్టలే. నా కాడ ఉన్నప్పుడు మైనంల నేనే పెట్టిన. ఫోన్ల నీకు అబద్ధం చెప్పిన."

"విరిగినయ్ అనుకున్నవా?" అని అడిగాడు. నాకు ఒక దారి ఇస్తున్నట్టుగా.

"అనుకున్న."

"మరి ఒక్కమాట అడగకపోతివి?"

అప్పుడు మిగిలింది కూడా చెప్పాను. ఎందుకు అడగలేకపోయానో, అచ్చు సంగతి, ఎనిమిది బొమ్మల సంగతి. గ్రూపులో మేము ఏళ్ళ తరబడి అనుమతి, అనుమతి అని కొట్టుకుంటాం. అదేదో మర్యాద కోసం అడిగేదనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ ఒక్కమాట అడిగి ఉంటే ఆ మనిషికి వేళ్ళు ఎలా పోయాయో తెలిసేది. అడగలేదు కాబట్టి ఆయన చేతిని నాకు తోచినట్టు చేసేశాను.

కాక నా వైపు చూడలేదు. లేచి, పోతపోసే ఆయన ముందు నిలబడి రెండు చేతులు జోడించాడు.

"తప్పయింది తమ్మీ. నోరు జారిన."

"ఉండనీ దాదా," అన్నాడు ఆయన. "మైనం ఎట్లుంటే ఇత్తడి అట్ల. నా పని గంతే." ఆ తరువాత, "తియ్యాలెనా?" అని అడిగాడు.

ఆకురాయి తెచ్చాడు. కాక పక్కన కూర్చుని వేలితో చూపిస్తుంటే ఆయన నేను పెట్టిన వేళ్ళను రాకడం మొదలుపెట్టాడు. ఒకటి మొదలు దాకా, ఒకటి కణుపు దాకా. పసుపురంగు పొడి గుడ్డ మీద రాలింది. నా గోళ్ళు పోయాయి. కానీ రాకిన కొసలు తళతళమంటూ కోసినట్టే కనపడుతున్నాయి. కాక మైనంలో చేసిన మొండివేళ్ళు అలా ఉండేవి కావు, ఎప్పుడో మానిపోయిన వేళ్ళలా గుండ్రంగా ఉండేవి. వాటిని నేనే చదును చేశాను, ఒక ఫోటో కూడా తీసి ఉంచలేదు. పోతపోసే ఆయన బొటనవేలితో రుద్ది రుద్ది చూశాడు.

"చెయ్యి తగులంగ తగులంగ నల్లబడతది," అన్నాడు కాకతో.

అక్కడినుంచి రోడ్డు మీదికి వచ్చాం. స్నేహితుడి భార్య ఉండే పల్లెకు ఇంకో జీపు ఎక్కాలి. నేను సంచిలోంచి నా దగ్గర మిగిలిన రెండు రెజిన్ బొమ్మలు తీసి ఇచ్చాను. ఒకటి రంగులు వేసినది. కాక దాన్ని తిప్పి చూశాడు. నీలం చొక్కా, నల్లటి చర్మం, పొట్టి మీసం, అయిదు వేళ్ళు.

"అంగి గీ రంగు గాదు," అన్నాడు. "ఇంకెన్నున్నయ్?"

"ఆరుగురికి ఇచ్చిన. అండ్ల ఒకటి ఎవలి కాడినుంచో పట్టుకుని ఒకాయన అచ్చు తీసి అమ్ముతుండు. ఆపుమని రాసిన, జవాబియ్యలే. ఎన్ని పోయినయో, ఎవలెవలు కొన్నరో తెల్వది కాకా."

జీపు వచ్చింది. నేను కూడా ఎక్కబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు, గట్టిగా కాదు.

"నువ్వు రాకు బిడ్డా. నేనొక్కన్నే పోత."

ఎక్కి కూర్చుని, ఇత్తడి బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, దాని ఎడమచేతిని దస్తీతో కప్పాడు. జీపు కదిలేముందు నన్ను చూశాడు. కోపంగా చూసినా బాగుండేది.

"వాడు జైనూరు, మందమర్రి దప్ప మూడో ఊరు చూడలే," అన్నాడు. "ఇప్పుడు ఏడేడ తిరుగుతుండో."